నాలుగు వందల పన్నెండో లైను మీద విచారణ

మా ఆఫీసులో ఏది కట్టినా, ఏది కొన్నా, దాన్ని మంజూరు చేసిన అధికారి పేరు దానికి పెట్టడం ఆనవాయితీ. మెట్ల పక్కనున్న మంచినీళ్ళ కుళాయి మీద ఒక మాజీ డైరెక్టరు గారి పేరు చెక్కి ఉంటుంది. సైకిల్ స్టాండు రేకుల మీద ఒక మాజీ జాయింట్ డైరెక్టరు గారున్నారు. కుళాయిలో నీళ్ళు రాక నాలుగేళ్ళయింది గానీ, పేరుకు మాత్రం ఏటా రంగు వేయిస్తారు.

ఇది రాష్ట్ర పడవల నమోదు డైరెక్టరేట్. సముద్రం మీదకు వెళ్ళే ప్రతి పడవకూ నంబరివ్వడం మా పని. నా పేరు అప్పలాచారి. ఇక్కడ కాంట్రాక్టు ప్రోగ్రామర్ని. ఏడాదికోసారి నా కాంట్రాక్టు అయిపోతుంది, ఏడాదికోసారి దాన్ని పొడిగిస్తారు. అందుకని ఎవరేం చెప్పినా అలాగేనండీ అనడం నాకు బాగా అలవాటయింది.

ఆరేళ్ళ క్రితం పడవలకు నంబర్లిచ్చే ప్రోగ్రాము రాయమన్నప్పుడు నాకొక సర్క్యులర్ ఇచ్చారు. 'ప్రోగ్రాములోని ప్రతి భాగమునకు, సదరు భాగమును మంజూరు చేసిన అధికారి హోదాను పేరుగా నిర్ణయించడమైనది' అని అందులో ఉంది. ప్రోగ్రామంటే చిన్న చిన్న భాగాలు. ఒక్కో భాగానికి ఒక్కో పేరుంటుంది. ఒక భాగం ఇంకో భాగాన్ని పిలిచి ఈ పని చేసిపెట్టు అంటుంది. అది మరో దాన్ని పిలుస్తుంది. నేను సర్క్యులర్ ప్రకారమే రాశాను. 'డైరెక్టరు' అనే భాగం 'జాయింట్ డైరెక్టరు'ను పిలుస్తుంది, అది 'సూపరింటెండెంటు'ను పిలుస్తుంది, అది 'జూనియర్ అసిస్టెంటు'ను పిలుస్తుంది. ఆ చివరిదొక్కటే పని చేస్తుంది. ఆఫీసులోనూ అంతే కాబట్టి ఎవరికీ ఏ తేడా కనిపించలేదు.

ఆ చివరి భాగంలోనే ఉంది నాలుగు వందల పన్నెండో లైను. పడవ పొడవును ఇంజన్ల సంఖ్యతో భాగించి, వచ్చిన అంకెను బట్టి పడవ ఏ శ్రేణిదో తేల్చి, దాని మీద నంబరు వేస్తుంది. ఆ లెక్క ఒక కమిటీ ఇచ్చింది. ఇంజను లేని తెప్పల సంగతేమిటని అప్పుడే నేనొక నోటు పెట్టాను. దాని మీద 'చర్చించండి' అని రాసి పైనుంచి కిందికి పంపారు. కింద నేనొక్కణ్ణే ఉన్నాను కాబట్టి చర్చ జరగలేదు. సున్నాతో భాగించమంటే ఏ యంత్రమూ భాగించదు. తెప్ప దరఖాస్తు వచ్చినప్పుడల్లా తెర మీద 'పని జరగలేదు' అన్న రెండు మాటలు వచ్చేవి. ఎందుకు జరగలేదో, ఎక్కడ ఆగిందో ప్రోగ్రాము రాసిన కంప్యూటరు భాష అప్పట్లో చెప్పేది కాదు. మేము కిటికీలోంచి సర్వర్ డౌన్ అని చెప్పేవాళ్ళం.

ఈ సర్వర్ డౌన్ అన్న మాట ఎక్కువసార్లు విన్నది గరికిన పోలమ్మ. పెదరేవుపాలెంలో ఆవిడకొక తెప్ప ఉంది. తమ్ముడు వేటకు తీసుకెళతాడు, ఆవిడ చేపలమ్ముతుంది. వేసవి వేట నిషేధం ముగిసే జూన్ పదిహేను నుంచి కొత్త నంబరు లేనిదేదీ నీళ్ళలోకి దిగకూడదని ఆర్డరొచ్చింది. మార్చి నుంచి ఆవిడ మా ఆఫీసు చుట్టూ తిరుగుతోంది. ఇంజన్లు ఒకటి అని రాసేయమ్మా, నంబరొచ్చేస్తుంది అని మా సూపరింటెండెంటు బంగార్రాజు గారు సలహా ఇచ్చారు. ఆయన మంచి మనిషి. ఉన్నదని రాస్తే రేపు దాని బిల్లు తెమ్మంటారని, లేని ఇంజనుకు బిల్లెక్కడ తేనని ఆవిడ ఒప్పుకోలేదు.

ఇలా ఉండగా మే నెలలో మా డైరెక్టరేటుకు అదృష్టం పట్టింది.

రెండేళ్ళ క్రితం మేము ఇరవై రెండు కొత్త యంత్రాలు తెప్పించాం. వాటి ప్రాసెసర్లు మరీ కొత్తవి. మా ప్రోగ్రాము రాసిన భాషకు ఆ ప్రాసెసర్లంటే ఏమిటో తెలియదు. అందుకని అవి ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పకుండా రికార్డు రూములో ఉండిపోయాయి. ప్రతి ఆయుధపూజకూ వాటికి బొట్టు పెట్టేవాళ్ళం. ఆ భాష పేరు నేను చెప్పను. చెబితే దాన్ని కూడా విచారణకు పిలుస్తారు. అది ఎవరి సొత్తూ కాదు. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్ళో తీరిక వేళల్లో రాస్తారు, ఎవరైనా వాడుకోవచ్చు. వాళ్ళు మేలో కొత్త వెర్షను విడుదల చేశారు. ఆ కొత్త ప్రాసెసర్ల మీద ఇప్పుడా భాష నడుస్తుందట. దాంతోపాటు తప్పుల్ని పట్టుకునే ఏర్పాటు కూడా బాగా మెరుగుపరిచారట.

మా డైరెక్టరు చిత్తరంజన రావు గారికి మొదటి వాక్యంతోనే ఆనందం పట్టలేకపోయింది. రెండోది ఆయన చదవలేదు. నేను చదివాను గానీ, నన్నెవరూ అడగలేదు.

మే ఇరవైన ప్రారంభోత్సవం పెట్టారు. గోడంత తెర కట్టారు. యంత్రాలకు బంతిపూల దండలు వేశారు. రెండు పేపర్ల వాళ్ళొచ్చారు. మొట్టమొదటి నంబరు ఒక నిరుపేద మత్స్యకార మహిళకు ఇవ్వాలని డైరెక్టరు గారికి తోచింది. ఎవరున్నారని వెతికితే వరండా బల్ల మీద పోలమ్మ ఉంది. మార్చి నుంచి అక్కడే కదా ఉంది. తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టారు. నేను బంగార్రాజు గారి చెవిలో, ఆవిడదే ఎందుకండీ, తెప్పండీ అది, అన్నాను. ఆయన నన్ను నోరు మూసుకోమన్నారు.

డైరెక్టరు గారు మీట నొక్కారు. కొత్త ప్రాసెసరు క్షణం కూడా ఆలోచించలేదు. తెర నిండా అక్షరాలొచ్చాయి. ఏమొచ్చినా పైకి చదవమని ముందే నాకు చెప్పి ఉంచారు కాబట్టి నేను మైకులో చదివాను.

"లైను నాలుగు వందల పన్నెండు. సున్నాతో భాగహారం. ఈ తప్పు జరిగిన చోటు, జూనియర్ అసిస్టెంటు. జూనియర్ అసిస్టెంటును పిలిచినది, సూపరింటెండెంటు. సూపరింటెండెంటును పిలిచినది, జాయింట్ డైరెక్టరు. జాయింట్ డైరెక్టరును పిలిచినది, డైరెక్టరు."

పేపరు వాళ్ళు రాసుకుంటున్నారు. పోలమ్మ పక్కనున్న ఆవిడ వైపు తిరిగి, మైకు దాకా వినబడేటట్టు చెప్పింది.

"మిసను మంచిదేనమ్మా. తప్పెవుల్దో వరసని సెప్పేత్తంది."

ఆ సాయంత్రమే డైరెక్టరు గారి గదిలో సమావేశం జరిగింది. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఇది ఐదు నిమిషాల పని అని, ఇంజన్లు సున్నా అయితే భాగించవద్దని ఒక్క లైను చేర్చితే సరిపోతుందని చెప్పాను. డైరెక్టరు గారు నన్ను చాలా దయగా చూశారు.

"చూడు చారీ, సరిదిద్దడం అంటే తప్పు జరిగిందని అంగీకరించడం. అంగీకరించాలంటే బాధ్యత నిర్ధారణ కావాలి. బాధ్యత నిర్ధారణ కాకుండా సరిదిద్దితే సాక్ష్యాన్ని తారుమారు చేసినట్టవుతుంది," అన్నారు.

అసలు ఈ తప్పులు చూపించే సౌకర్యాన్ని తీసేయమని ఆ భాష యజమానికి నోటీసు పంపమన్నారు జాయింట్ డైరెక్టరు గారు. దానికి యజమాని లేడండీ అన్నాను. యజమాని లేని భాషలో ఆరేళ్ళుగా ప్రభుత్వ కార్యకలాపాలు జరిపించారా అని ఆవిడ నివ్వెరపోయారు. దాని మీద వేరే ఫైలు తెరిచారు. ఎందుకైనా మంచిదని నేను ఆ భాష వాళ్ళు మాట్లాడుకునే చోట ఇంటర్నెట్‌లో ఒక విన్నపం పెట్టాను. ఏ దేశం ఆయనో అరగంటలో జవాబిచ్చాడు. సౌకర్యం సరిగ్గానే పనిచేస్తోంది, సున్నా ఉన్నప్పుడు భాగించకండి అన్నాడు. ఆ జవాబును డైరెక్టరు గారి ముందు పెడితే 'బాహ్య జోక్యం' అని రాసి ఫైల్లో కలిపారు.

మర్నాడు నాలుగు వందల పన్నెండో లైనుకు మెమో ఇచ్చారు. 'సదరు లైను తన విధి నిర్వహణలో సున్నా అను సంఖ్య ఎదురైనప్పుడు తగు సంయమనము పాటించక, ఉన్నతాధికారుల పేర్లు బహిరంగ సభలో వెల్లడగుటకు కారణమైనందున, మూడు రోజులలోగా సంజాయిషీ సమర్పించవలెను.' లైనుకు చేతుల్లేవు కాబట్టి దాని తరఫున నన్ను తీసుకోమన్నారు. సంతకం పెట్టి తీసుకున్నాను. సంజాయిషీ కూడా నేనే రాశాను. గత ఆరు సంవత్సరములుగా ఒక్కరోజు కూడా సెలవు పెట్టకుండా, నాలుగు వందల పదకొండో లైనుకూ నాలుగు వందల పదమూడో లైనుకూ మధ్య సర్దుకుని పనిచేస్తున్నానని, కమిటీ చెప్పినట్టే భాగించానని, దయతో క్షమించాలని రాశాను. రాస్తున్నప్పుడు దాని మీద నాకు నిజంగానే జాలి కలిగింది.

సంజాయిషీ సంతృప్తికరంగా లేదని లైనును సస్పెండ్ చేశారు.

ప్రోగ్రాములో ఒక లైనును ఎలా సస్పెండ్ చేస్తారని బంగార్రాజు గారడిగారు. దానికొక పద్ధతుంది. లైను ముందు ఒక చిన్న గుర్తు పెడితే యంత్రం ఆ లైనును చదవకుండా దాటిపోతుంది. దాన్ని వ్యాఖ్య అంటారు. లైను అక్కడే ఉంటుంది, కంటికి కనిపిస్తుంది, కాని ఏ పనీ చేయదు. ఏ పనీ చేయదు కాబట్టి దాని వల్ల ఏ తప్పూ జరగదు, దాని పేరు ఏ రిపోర్టులోనూ రాదు. ఈ మాట నేను మామూలుగానే చెప్పాను. ఆయన అటూ ఇటూ చూశారు. తర్వాత గొంతు తగ్గించి, నన్ను కూడా అందులో వెయ్యగలవా అని అడిగారు.

మధ్యాహ్నానికల్లా ఈ సంగతి ఆఫీసంతా పాకింది. జాయింట్ డైరెక్టరు గారు నన్ను పిలిపించుకుని, ఇన్నేళ్ళ సేవ తర్వాత తనకు ఒక వ్యాఖ్య కూడా దక్కలేదని బాధపడ్డారు. అకౌంట్స్ వాళ్ళందరూ కలిసి ఒకే వినతిపత్రం ఇచ్చారు. తన మరదలు మా రికార్డు సెక్షనులో ఉందని, ఆవిడకు ప్రోగ్రాములో ప్రశాంతమైన చోట ఒక వ్యాఖ్య చూడమని ఒక పెద్దమనిషి దగ్గర్నుంచి సిఫారసు ఉత్తరం వచ్చింది. సీనియారిటీ జాబితా తయారుచేశాం. ప్రోగ్రాములో మొట్టమొదటి లైను డైరెక్టరు గారు తీసుకున్నారు. అందులో ఆయన పేరు, హోదా, చదువులు, పొందిన పతకాలు ఉంటాయి. యంత్రం దాన్ని రోజుకు వెయ్యిసార్లు దాటుకుపోతుంది.

ఒక్కొక్కరూ వ్యాఖ్యలైపోయాక పని చేయడానికి ప్రోగ్రాములో ఎవరూ మిగల్లేదు. అప్పుడు డైరెక్టరు గారు సర్క్యులర్‌ను సవరించారు. 'ఏదేని భాగమునకు పూర్తి బాధ్యత వహించుటకు లిఖితపూర్వకముగా అంగీకరించు ఏ వ్యక్తి పేరునైనను సదరు భాగమునకు పెట్టవచ్చును. అట్టి వ్యక్తి అంగీకారమే మంజూరుగా పరిగణించబడును.' ఎవరో ఒక అమాయకుడు ముందుకొస్తాడని ఆయన ఆశ. దానికో ఫారం అచ్చు వేయించారు. వంద కాగితాల కట్ట నా బల్ల మీద పెట్టారు. వారం తర్వాత లెక్కపెడితే వందా ఉన్నాయి.

యంత్రాలు మాత్రం అద్భుతంగా నడిచాయి. లెక్క లేదు, శ్రేణి లేదు, భాగహారం లేదు. దరఖాస్తు ఇలా పెడితే కాగితం అలా వచ్చేది. నంబరుండవలసిన చోట ప్రతి పడవకూ 'విచారణలో ఉంది' అని పడేది. ఒక్క తప్పు కూడా నమోదు కాలేదు. తప్పులే లేని కార్యాలయంగా మమ్మల్ని గుర్తించాలని డైరెక్టరు గారు పైకి రాశారు. పదకొండు వందల నలభై పడవల వాళ్ళకు ఆ కాగితాలు అందాయి. అలా రాసి ఉన్న పడవను నీళ్ళలోకి దింపనిచ్చేది లేదని రేవులో కాపలా వాళ్ళు చెప్పారు.

జూన్ పదమూడున పోలమ్మ వచ్చింది. ఈసారి వరండాలో కూర్చోలేదు, నేరుగా నా బల్ల దగ్గరికొచ్చింది. చేతిలో తన కాగితముంది. నిషేధంలో వేట లేక రెండు నెలలుగా అప్పుడప్పుడూ ఊళ్ళో కూలికి పోతున్నారట. తెప్ప ఎండకు పగుళ్ళిస్తోందట. పదిహేనున దిగకపోతే తమ్ముడు వేరేవాళ్ళ బోటులో పనికి పోతానంటున్నాడట. వెళితే మళ్ళీ రాడని, తెప్ప అమ్ముకోవలసిందేనని చెప్పింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండునేమో, నేను ఏదో ఒకటి చెప్పి పంపించేసేవాణ్ణి.

"ఒక్క నైను రాత్తే ఐపోద్దని ఆ రోజు నువ్వే అన్నావంట గదా బాబూ. మరి రాయవేటి?" అంది.

రాయవచ్చు గానీ ఎవరి పేరు మీద రాయను అన్నాను. ఇక్కడ పేరు లేకుండా ఏదీ ఉండకూడదు. పేరున్న వాళ్ళందరూ పనిలోంచి తప్పుకున్నారు. నా పేరు పెట్టుకోవచ్చు కదా అని ఆవిడ అడగలేదు. అడగనందుకే నాకు సిగ్గేసింది. జూలైలో నా కాంట్రాక్టు పొడిగించాలి, ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు, ఈ మాటలన్నీ నాలో నేను అనుకుంటూ ఆ ఫారాల కట్టను అటూ ఇటూ జరుపుతున్నాను. ఆవిడ పైనున్న ఫారం తీసి ఏమిటిదని అడిగింది. చదివి చెప్పాను.

"ఏ వ్యక్తయినా అంటే నానూ అవుతాను గదా?"

సర్క్యులర్ మళ్ళీ చదివాను. అవుతుంది. ఆఫీసు ఉద్యోగి అయి ఉండాలని రాయడం మర్చిపోయారు.

"అయితే నా పేరెట్టీ. నా తెప్పకి ఇంజను నేదని నాకు తెలవదా, మీ మిసనుకి తెలాలా? నేదంటే నేదని నాను సెప్తన్నాను. తప్పయితే నన్నడగమను."

సంతకం పెట్టింది. అక్షరాలు ఒక్కొక్కటి నిలబెట్టి రాసింది. నేను తలుపు దగ్గరగా వేసి, 'పోలమ్మ' అన్న పేరుతో కొత్త భాగం రాశాను. ఇంజన్లు ఉంటే భాగించు, లేకపోతే తెప్ప శ్రేణి అని రాయి, నంబరు వెయ్యి. అంతే. ఐదు నిమిషాలన్నాను గానీ మూడు నిమిషాలే పట్టింది. నంబరుతో కాగితం వచ్చింది. ఆవిడ దాన్ని రెండు చేతులతో తీసుకుని, రవిక లోపల పెట్టుకుని, మిగిలినోళ్ళయ్యి కూడా తియ్యి బాబూ అంది. పద్నాలుగు సాయంత్రానికి పదకొండు వందల నలభై నంబర్లూ తీశాను. ఎవరూ నన్నేమీ అడగలేదు, ఎందుకంటే తప్పేమీ రాలేదు.

పదిహేనున అన్నీ నీళ్ళలోకి దిగాయి.

జూలై మొదటి వారంలో మా కార్యాలయానికి ప్రశంసాపత్రం వచ్చింది. డైరెక్టరు గారు గది గోడ మీద పెట్టించుకున్నారు. దానితోపాటు, ఇంత గొప్పగా పనిచేసిన సిబ్బంది వివరాలు పంపమని పైనుంచి అడిగారు. కొత్త వెర్షనులో ఆ సౌకర్యం కూడా ఉంది. ప్రోగ్రాములో ఏ భాగం ఎంత పని చేసిందో లెక్క కడుతుంది. డైరెక్టరు గారే ముచ్చటపడి మీట నొక్కారు. 'పోలమ్మ: నూటికి నూరు. ఇతరులు: లేరు' అని వచ్చింది.

పోలమ్మ ఎవరని ఆయన అడిగారు. ఏ క్యాడరని జాయింట్ డైరెక్టరు గారు అడిగారు. నేను ఫారం చూపించాను. కింద ఆవిడ సంతకం, పైన డైరెక్టరు గారి సర్క్యులర్ నంబరు ఉన్నాయి. ఏ నిబంధన కిందా నన్ను పట్టుకోవడానికి వీల్లేక ఆయన చాలాసేపు కిటికీలోంచి సైకిల్ స్టాండు వైపు చూశారు. చివరికి మెమో పోలమ్మకే ఇచ్చారు. దాన్ని స్వయంగా అందజేసి సంజాయిషీ తీసుకురమ్మని బంగార్రాజు గారిని, దారి చూపించడానికి నన్ను పంపారు.

మేము వెళ్ళేసరికి పొద్దున్న తొమ్మిదయింది. తెప్ప అప్పుడే ఒడ్డుకొస్తోంది. పక్కన నల్ల రంగుతో రాసిన కొత్త నంబరు తడిసి మెరుస్తోంది. పోలమ్మ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి తాడందుకుంటోంది. బంగార్రాజు గారు బూట్లు తడవకుండా నిలబడి, ఫైలు తెరిచి, మెమో అంతా గట్టిగా చదివారు. 'ఎటువంటి హోదా లేకుండా, ఎవరి అనుమతియు పొందకుండా, తప్పు జరుగవలసిన చోట జరుగకుండా నివారించినందుకు మీపై ఏల చర్య తీసుకొనరాదో తెలియజేయవలెను' అన్న చోట ఆయన గొంతు కొంచెం తగ్గింది.

ఆవిడ తాడు చేతికి చుట్టుకుంటూ అడిగింది.

"ఇది సంతకం ఎట్టినందుకా బాబూ, పని అయినందుకా?"

బంగార్రాజు గారు మెమో మళ్ళీ చదువుకున్నారు. అందులో ఆ వివరం లేదు.

"ఏదయితే అదే. ఆ పారం అట్టుకురా, మళ్ళీ సంతకం ఎడతాను. ఇంకేటన్నా ఎవుల్లూ ఒప్పుకోని పనుంటే అదీ అట్టుకొచ్చీండి. ఇప్పుడు మాత్రం తప్పుకోండి. తెప్ప లాగాల."

మేము తప్పుకున్నాం. తమ్ముడూ, ఇంకో ఇద్దరూ, ఆవిడా తాడు పట్టుకున్నారు. చేపల బరువుకు తెప్ప కదలడం లేదు. రెండుసార్లు లాగి ఆగారు. మూడోసారి బంగార్రాజు గారు ఫైలు ఇసుకలో పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద బూట్లు పెట్టి, తాడు చివర పట్టుకున్నారు. నేనూ పట్టుకున్నాను. తెప్ప ఒడ్డెక్కింది.

తిరిగొస్తూ బస్సులో ఆయన టూరు డైరీ తీశారు. 'ఈ దినము చేసిన పని' అన్న గడిలో ఏం రాయాలని నన్నడిగారు. తెప్ప లాగామని రాయండి అన్నాను. పెన్ను పట్టుకుని రెండు స్టాపుల దూరం ఆలోచించారు. లాగానని రాస్తే ఎవరి అనుమతితో లాగావంటారయ్యా అని, అరచేతుల్లో తాడు ఒరుసుకున్న చోట ఊదుకుంటూ, ఆ గడి ఖాళీగా వదిలేశారు.